గుండెదడ ఎక్స్‌ప్రెస్

నేను ఒక సూదిమందు పెన్నును. పెన్ను అన్నాను కదా అని జేబులో పెట్టుకుని సంతకాలకు బయలుదేరకండి. నా పొట్టలో సిరా ఉండదు, స్ప్రింగు ఉంటుంది. మందు నింపిన సిరంజిని నాలో అమర్చి, చర్మానికి ఆనించి మీట నొక్కితే టక్కుమంటాను. భయంతో కళ్ళు మూసుకున్నవాళ్ళు తెరిచేలోగా పని అయిపోతుంది. నేను పుట్టిన ఫ్యాక్టరీలో తెల్లకోటు వేసుకున్న ఒకాయన నన్ను పదేపదే టక్కుమనిపించి, "భేష్!" అన్నాడు. పుట్టగానే మెచ్చుకోలు! ఆ పొగరు నాకు చాలాకాలం దిగలేదు.

రాజమండ్రిలో ఒక నరాల ఆసుపత్రిలో సలోమి అనే నర్సు నన్ను హైమావతి చేతిలో పెట్టింది. హైమావతి బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే మనిషి. ఆమె నోట గోకవరం బస్సు పేరు వింటే, ఏ పనీ లేనివాడికి కూడా గోకవరం వెళ్ళాలనిపించేదట. అలాంటి మనిషికి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చింది. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి సొంత నరాల మీదే పడే జబ్బు అది. ఒకసారి కన్ను మసకబారింది. ఇంకోసారి కుడికాలు మొరాయించింది. మళ్ళీ అలాంటివి రాకుండా వారానికి మూడుసార్లు నేను టక్కుమనాలి. నా గొప్ప చూశారా!

సలోమి జాగ్రత్తలన్నీ ఓపిగ్గా చెప్పింది. మందును ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాలి. ఒకేచోట పొడుస్తూ పోతే చర్మం గుంటపడుతుంది, కాబట్టి చోటు మార్చుతూ ఉండాలి. "ఒక్కోసారి చేసుకోగానే మొహం ఎర్రబడి గుండె దడదడలాడుద్దండి. పావుగంటలో అదే పోద్ది. కానీ ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా ఇంట్లో కూర్చోకండి, వెంటనే వచ్చేయండి," అంది. మనుషుల చెవులు భలే చిత్రమైనవి. "అదే పోద్ది" అన్న ముక్క ఆలుమగలిద్దరికీ కంఠతా వచ్చింది. మిగతాదంతా తిరుగుదారిలో ఆటోలోనే జారిపోయింది.

మొదటిసారి దడ వచ్చినప్పుడు హైమావతి భర్త వీరభద్రం బిక్కచచ్చిపోయాడు. ప్రెస్సులో శుభలేఖలు అచ్చువేసే మనిషి, కంగారు పుడితే కాళ్ళూ చేతులూ ఆడవు. అతని అవస్థ చూడలేక, ఎర్రబడ్డ మొహంతోనే హైమావతి బస్టాండు గొంతు ఎత్తుకుంది.

"ప్రయాణికులకు మనవి. గుండెదడ ఎక్స్‌ప్రెస్ మూడవ నంబరు ప్లాట్‌ఫారంపై నిలిచియున్నది. మరికొద్ది నిమిషాలలో బయలుదేరును!"

వీరభద్రం పడీపడీ నవ్వాడు. అన్నట్టే ఆ ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయింది. అప్పటినుంచి అది ఆ ఇంటి ఆనవాయితీ అయింది. దడ అప్పుడప్పుడే వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆమె బస్సు చెప్పడం, అతను కండక్టరులా "రైట్, రైట్!" అనడం. పక్కింటివాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చి నవ్వి పోయేవారు. ఏ వైద్య పరికరానికైనా ఇంత సరదా కొలువు దొరికిందా అని నేను ఉబ్బితబ్బిబ్బయ్యేదాన్ని. అత్తగారు మంగాయమ్మకు మాత్రం చెవులు సరిగా వినబడవు. అందరూ నవ్వడం చూసి, మర్యాద కోసం ఆఖర్న తానూ ఒక నవ్వు నవ్వేది.

అలా మూడేళ్ళు గడిచాయి. కన్ను బాగుంది, కాలు బాగుంది. ఒక ఆదివారం సాయంత్రం నేను ఎప్పటిలాగే టక్కుమన్నాను. హైమావతి మొహం ఎర్రబడింది. వీరభద్రం కుర్చీ దగ్గరకు లాక్కుని, "ఆ, కానీ కానీ!" అన్నాడు.

"ప్రయాణికులకు..." అంది హైమావతి. గొంతు జీరబోయింది.

"ఓసోస్, మైకు పాడైందే!" అని అతను తొడ చరుచుకున్నాడు.

ఆమె గొంతు పట్టుకుని చెయ్యి ఊపింది. "రైట్, రైట్!" అన్నాడతను. నేను ఆమె చేతిలోంచి జారి నేలమీద పడ్డాను. మూడేళ్ళుగా ఆమె చేతివేళ్ళు నాకు తెలుసు. అవి నన్ను జారవిడవడం ఎప్పుడూ ఎరగను. నాకు నోరుంటే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. నాకున్నది ఒక్క టక్కు. అది కూడా అప్పుడే వాడేసుకున్నాను.

ఆ గదిలో నవ్వు వినబడనిది మంగాయమ్మ ఒక్కతే. హాస్యం చెవికి అందదు కాబట్టి ఆమె కళ్ళు కోడలి మొహం మీదే ఉన్నాయి.

"ఏంట్రా ఆ ఇకిలింపు! పెదాలు చూడు, బూరెల్లా పొంగిపోయాయి! మెడ నిండా దద్దుర్లు! లే, ఆటో పిలువు!"

వీరభద్రం నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. వీధిలోకి పరిగెత్తాడు. మంగాయమ్మ కోడల్ని పొదివి పట్టుకుని, రెండో చేత్తో నన్ను ఏరి కొంగున కట్టుకుంది. పాము కరిస్తే చంపిన పామును కూడా తీసుకెళ్తారు చూడండి, అలా. సలోమి ఉన్న ఆసుపత్రిలోనే నన్ను డాక్టరు ముక్కు కింద ఆడించి, "ఇదిగో బాబూ, ఇదే పొడిచింది!" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడ హైమావతి తొడకు ఇంకో సూది పొడిచారు. స్ప్రింగూ లేదు, సోకూ లేదు, మామూలు సిరంజి. మొహానికి ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి ఆమె రొమ్ము నెమ్మదిగా ఎగసి పడడం మొదలైంది. ఆ మామూలు సిరంజికి మనసులోనే దండం పెట్టుకున్నాను. నా పొగరు దిగింది ఆ క్షణానే.

"మూడేళ్ళు పడిన మందేగా సార్!" అన్నాడు వీరభద్రం ఏడుపు గొంతుతో.

"ఎన్నేళ్ళు పడినా ఒకరోజు ఇలా తిరగబడొచ్చు. అరుదే, కానీ ప్రాణం మీదికొస్తుంది. మొదట్లో మామూలు దడలాగే కనబడుతుంది కూడా. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు," అన్నాడు డాక్టరు. ఆ మందు ఇక జన్మలో ముట్టుకోవద్దన్నాడు.

హైమావతి మొదట అడిగిన మాట ఇది: "మరి నా కాలు?" డాక్టరు వేరే మాత్రలు రాశాడు.

నన్ను సలోమి తీసుకుంది. సూదిమందు కొత్తగా మొదలుపెట్టే రోగులు సూది లేకుండా నన్ను స్పంజిముక్క మీద నొక్కి నేర్చుకుంటారు. రోజంతా టక్కు టక్కే. ఎవరికీ నొప్పి లేదు. నాకు ఇదీ సరదాగానే ఉంది.

మొన్న హైమావతి పరీక్షలకు వచ్చింది. ఎవరి ఆసరా లేకుండా, చకచకా నడిచి! నేను లేకుండా! కోపం రావలసిందే. దానికి బదులు ఎక్కడలేని సంబరం వచ్చింది. వెనకే మంగాయమ్మ.

"మాత్రలెలా ఉన్నాయి?" అని సలోమి అడిగింది.

"మాత్రలతో ఇబ్బంది లేదు సిస్టర్. మా అత్తయ్యతోనే. మాత్ర మింగిన దగ్గర్నుంచి ఎదురుగా కుర్చీ వేసుకుని నా మొహంలోకి అలా చూస్తూనే ఉంటారు. తినరు, లేవరు." అత్తగారి చెవి దగ్గరకు వంగి గట్టిగా అంది, "ఏంటత్తయ్యా, ఎంతసేపని చూస్తారు?"

మంగాయమ్మ కోడలి గడ్డం పట్టుకుని మొహం ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు వినబడదు కదే," అంది.