మా ఆయన వెండి దువ్వెన

మా ఆయనది నున్నటి గుండు. దువ్వెనతో పనే లేదు. అలాంటి మనిషి వందేళ్లనాటి ఆడవాళ్ల వెండి సింగారపు సామాను పోగేస్తాడు! చేతి అద్దం, జుట్టు బ్రష్షు, పౌడరు డబ్బా, అన్నీ స్టెర్లింగు వెండివి, అన్నిటి వెనకా ఒకటే గులాబీ తీగ. గాజు బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. ఆ అద్దంలో మొహం చూసుకోబోతే "ఊపిరి తగిలితే నల్లబడుతుందే!" అని అరుస్తాడు. వెండి నల్లబడితే ఆదివారమంతా కూర్చుని తుడుస్తాడు గానీ, నా జుట్టు ఆయన కంటికి ఆనదు. ఒక్కసారైనా నా తల మీద ప్రేమగా చెయ్యి వేస్తాడేమోనని ఎన్నేళ్లు ఎదురుచూశానో!

ఆ సెట్టులో దువ్వెన లేదు. ఆ సామానుతో వచ్చిన పెట్టెలో దాని చోటు ఖాళీగా కనబడితే చాలు, ఆయనకి ముద్ద దిగదు. చివరికది మా వెనక వీధిలో, రిటైరైన టైపు టీచరమ్మ దగ్గర బయటపడింది. ఆవిడ ఇన్నేళ్లూ దాంతోనే దువ్వుకుందట.

"అమ్మేది లేదు బాబూ. భుజం పట్టేసి చెయ్యి లేవట్లేదు. రోజూ వచ్చి నాకు జడ వెయ్యి, నేను పోయాక తీసుకో" అందిట.

ఇంకొకరైతే దండం పెట్టి వచ్చేసేవారు. ఈయన కిటికీ ఊచకి తాళ్లు కట్టి జడ అల్లడం నేర్చుకున్నాడు! టీచరమ్మ పోతుందా? ఆ దువ్వించుకునే సుఖానికి బుగ్గలు నిండి, చేతికర్ర కూడా అవతల పారేసింది. ఆవిడ జడ చూసి పక్కింటావిడ, ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ వచ్చారు. టీచరమ్మ వాకిట్లో బెంచీ వెలిసింది. "వాళ్లకీ వెయ్యి బాబూ, లేకపోతే దువ్వెన ఇంకెవరికైనా ఇచ్చేస్తా" అందిట టీచరమ్మ. వీధి వీధంతా జడలే, ఇంట్లో నా నెత్తి మాత్రం కాకిగూడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

నాకు ఒళ్లు మండింది. బీరువా తాళం తీసి, వెండి అద్దం సంచీలో వేసుకుని వెళ్లి బెంచీ చివర కూర్చున్నాను. ఆయన మొహాలు చూడడుగా, జుట్లే చూస్తాడు. నా వంతు రాగానే వెళ్లి వీపు తిప్పి కూర్చున్నాను.

ముడి విప్పి, చివర్ల నుంచి మెల్లగా చిక్కు తీశాడు. ఎంత నెమ్మదో ఆ చెయ్యి! నాకు ఏడుపు ఆగలేదు, దాచుకోవడమెందుకు.

"మెత్తటి జుట్టండీ మీది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకున్నట్టు లేదు" అన్నాడు జడ అల్లుతూ.

'అండీ' అట, నన్ను! అద్దం తీసి ఎదురుగా పట్టుకున్నాను. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇది నా అద్దమే! అయ్యయ్యో, వేలిముద్రలు!"

గబగబా వంగి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచాక అందులో నేను కనబడ్డాను.

"నువ్వా?"

ఆయన అద్దంలోకీ చేతిలో ఉన్న జడకేసీ మార్చి మార్చి చూశాడు.

"ఎప్పుడు తెల్లబడిందే ఇదంతా?"

"మీరు వెండి తుడుస్తున్నప్పుడు" అన్నాను. "ఆపకండి, జడ సగంలో ఉంది."