ఆరు తీగల మీద కెజియా పాట

నేను ఒక గిటారును. కెజియా పోయిన రోజు, హాల్లో కుర్చీలు తీసి చాపలు పరిచేటప్పుడు, ఎవరో నన్ను బీరువా పక్కన గోడవైపు తిప్పి నిలబెట్టారు. వచ్చినవాళ్ళ ఏడుపు తగిలినప్పుడల్లా నా తీగలు సన్నగా మోగాయి. ఆ సందడిలో అది ఎవరికీ వినబడలేదు.

నేను పుట్టింది కలకత్తాలో, ఇద్దరన్నదమ్ములు నడిపే చిన్న కొట్లో. నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో ఓడ ఉద్యోగి. ఆయన ఏడాదిలో నాలుగు పాటల మొదటి వరసలు నేర్చుకున్నాడు, రెండో వరస ఒక్కటీ నేర్చుకోలేదు. మనుషులకు మొదలుపెట్టడం మీద ఉన్న ఇష్టం నాకు అక్కడే తెలిసింది. తర్వాత కాకినాడలో లెక్కల మాస్టారు దేవసహాయం గారి చేతికి వచ్చాను. ఇరవై రెండేళ్ళు ఆదివారం ఆదివారం ఆయనతో చర్చికి వెళ్ళాను. పాట ఎత్తుకునే ముందు నా ఒంటి మీద బొటనవేలితో తట్టి లయ చూసుకోవడం ఆయనకు అలవాటు.

ఆయన కూతురు కెజియా రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. ఇంటికొస్తే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్‌లో పాటలు కట్టేది. వాటిలో గొంతు ఉండదు, మాటలుండవు. శబ్దం మీద శబ్దం పేర్చుకుంటూ పోయేది. ఒక రోజు ఒక పాట వాళ్ళమ్మ రూతమ్మ ఫోనుకు పంపి, నాన్నకు వినిపించమంది. మాస్టారు శ్రద్ధగానే విన్నారు.

"మిక్సీలో పచ్చడి తిరుగుతున్నట్టుంది" అన్నారు.

రూతమ్మ నవ్వింది. కెజియా కూడా నవ్వింది కానీ వదల్లేదు. "అయితే నీ ఆరు తీగల మీద వాయించి చూపించు నాన్నా. పాట నిలబడితే పాట. లేకపోతే పచ్చడే."

దసరా సెలవులు రానీ అన్నారాయన. సెలవులు వచ్చాయి. మూడో రోజు ఆమెకు జ్వరం వచ్చింది. పదకొండో రోజు నన్ను గోడవైపు తిప్పారు.

ఐదు నెలల తర్వాత మాస్టారు నన్ను తీసి దుమ్ము తుడిచారు. ఏడాది జ్ఞాపకార్థ కూడికలో ఆ పాట వాయిస్తానని ఫాదరుగారితో చెప్పి వచ్చారు. కంప్యూటర్ పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. మిగిలింది రూతమ్మ ఫోనులో ఉన్న నాలుగు నిమిషాలే.

ఆయన రూళ్ళ నోటుబుక్కు తెచ్చి, వినబడిన ప్రతి శబ్దానికీ ఒక నంబరు వేశారు, తరగతిలో పిల్లలకు వేసినట్టు. మొత్తం పంతొమ్మిది. నాకున్నవి ఆరు తీగలు. కాబట్టి ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్నది లెక్క. అడుగున ఉరిమే శబ్దం కోసం నా లావు తీగను శ్రుతిలో రెండు మెట్లు కిందికి దించారు. దాన్ని బొటనవేలికి అప్పగించి, పైన నడిచే వరసను మిగతా వేళ్ళకు పంచారు. డప్పులా పడే దెబ్బకు అరచేతి కింది భాగంతో నా ఛాతీ మీద కొట్టారు. ఇసుక రాలినట్టు వినిపించేదానికి గోటితో నా పక్కచెక్కను గీకారు. ఒక్కో శబ్దాన్ని కొట్టేసేటప్పుడు చాలాసేపు ఆగేవారు. అది కూతురు పెట్టిందే కదా.

పాటంతా వెనకాల ఒక టకటక ఉంది. రెండు దెబ్బలు దగ్గరగా పడి, మూడోది ఆలస్యంగా పడుతుంది. పిల్ల లెక్క తప్పిందనుకున్నారు మాస్టారు. ముప్ఫై ఏళ్ళు నోటుబుక్కులు దిద్దిన చెయ్యి. మూడు దెబ్బలనూ సమానంగా సర్ది, ఆ పేజీలో ఎర్ర సిరాతో సరిచేసినట్టు రాసుకున్నారు. నాకు ఆ టకటక తెలుసు. ఒక ఆదివారం ఉదయం, చర్చికి బయలుదేరే ముందు ఇంట్లో, కెజియా ఫోనును టేబుల్ గుడ్డ కింద దాచి, ఆయన పాట మొదలుపెట్టడాన్ని రికార్డు చేసుకుంది. కంప్యూటర్ శబ్దం అని ఆయన అంటున్నది నా ఒంటిదే. కానీ నాకు నోరు లేదు, వాయిస్తే మోగడమే వచ్చు.

రూతమ్మ కూరగాయలు తరుగుతూ వారం రోజులు విన్నది. చివరికి కత్తి పక్కన పెట్టి వచ్చింది.

"ఏమండీ, అక్కడ దిద్దేశారు మీరు."

"తప్పుంది. ఆలస్యంగా పడింది."

"తప్పు కాదది. మీరు రెండుసార్లు తట్టి, కళ్ళజోడు పైకి తోసుకుని, అప్పుడు మూడోసారి తడతారు. ప్రతి ఆదివారం చూస్తున్నాను. అదే పెట్టుకుంది పిల్ల."

మాస్టారు ఫోనులో మళ్ళీ విన్నారు. తర్వాత నన్ను రెండుసార్లు తట్టారు. ఆయన చెయ్యి తనంతట తనే కళ్ళజోడు దగ్గరికి వెళ్ళింది. మూడో దెబ్బ వెయ్యడానికి చాలాసేపు పట్టింది. నోటుబుక్కులో ఎర్ర గీతను కొట్టేసి, పక్కన 'సరిగానే ఉంది' అని రాశారు.

కూడిక రోజున ఆయన మూడు నిమిషాల ఇరవై సెకన్లు వాయించి, అరచేత్తో నా తీగలు ఆపేశారు. పాట అయిపోయిందనుకుని అందరూ తలలు వంచారు. రూతమ్మ ఒక్కతే తల ఎత్తి ఆయన వైపు చూసింది.

పాట చివర ఒకే శబ్దం సన్నగా మొదలై, ఆగకుండా పెరుగుతూ వెళ్ళి, నిండుగా ఉన్నప్పుడే తెగిపోతుంది. నా తీగ మీద ఏ శబ్దమైనా పుట్టిన క్షణం నుంచే తగ్గుతుంది. కూడికకు ముందే ఆయన వేళ్ళు వేగంగా ఆడించి చూశారు, గోటితో రాసి చూశారు, కుదరలేదు. అది వదిలేసి పాట అక్కడితో పూర్తయిందనుకోవచ్చని కూడిక తర్వాత ఎవరో సలహా ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు.

ఇప్పుడు నన్ను ఎవరూ గోడవైపు తిప్పరు. బడి నుంచి రాగానే మాస్టారు కాళ్ళు కడుక్కుని నన్ను తీసుకుంటారు. నోటుబుక్కులో చివరి పేజీ మీద శబ్దం నంబరు పంతొమ్మిది అని రాసి ఉంది. దాని కింద ఏమీ లేదు. చివరి నలభై సెకన్లు ఇంకా కట్టలేదు.