తెలుగుల అడుగుండ్రి

మొండయ్యను క్యాంపు మెస్సులోంచి ఈడ్చుకుపోయారు. చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉంది. శుర్తావాళ్లు, అంటే అక్కడి పోలీసులు, ఆ చేతికే బేడీ వేశారు. ఫోర్‌మన్ జనార్దన్ గుమ్మంలో నిలబడి, "వీడే. పరుపు కింద మత్తు గోళీలున్నయి, చూసుకోండి" అని వాళ్లకు వేలు పెట్టి చూపించాడు.

ఆ గోళీలు ఇచ్చింది జనార్దనే. మెస్సులో అన్నం తింటున్న ప్రతి మనిషికీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

మాది సౌదీలో, ఖఫ్జీ ఊళ్లో చమురు ట్యాంకులు కడిగే కంపెనీ. ట్యాంకు అడుగున నల్లటి బురద, పైన కాలే ఇనుము, మధ్యలో మేము. జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లమే ఎక్కువ. డబుల్ డ్యూటీ వేసినప్పుడల్లా జనార్దన్ తెల్ల గోళీలు పంచేవాడు. "మింగుండ్రి, నొప్పి పోతది" అనేవాడు. నిజంగానే పోయేది. కొన్నాళ్లకు గోళీ పడకపోతే చేతులు వణికేవి, కడుపులో దేవేది, కన్ను మూతపడేది కాదు. మందు అనుకుని మొదలుపెట్టింది మెడకు తాడయింది.

అప్పుడే నితాఖాత్ వచ్చింది, కంపెనీలు సొంత దేశంవాళ్లను పెట్టుకోవాలనే చట్టం. సౌదీవాళ్లు తక్కువున్న కంపెనీలన్నీ సర్కారు ఎర్ర జాబితాలో పడ్డాయి. అది చాలక మాలాంటి పరాయివాళ్లకు తలకింతని కంపెనీ లెవీ కట్టాలి. మనుషులను వదిలించుకోవాలి. మామూలుగా పంపితే ఇన్నేళ్ల సర్వీసుకు లెక్క కట్టి ఇవ్వాలి. కేసులో ఇరికిస్తే ఏమీ ఇవ్వనక్కర్లేదు. మొండయ్య కంటే ముందు పోయినవాళ్లు కూడా ఇట్లాగే పోయారని ఆ రోజు మాకు తెలిసొచ్చింది.

మా బస్సు డ్రైవరు బాబ్జాన్‌ది కడప. అరబ్బీ, ఉర్దూ రెండూ వచ్చు. అతనూ నేనూ కోర్టుకు పోయాం. మొండయ్య కంటే ముందు ఒక సౌదీ కుర్రవాడి కేసు పిలిచారు. అవే గోళీలు. పక్కన తండ్రి ఉన్నాడు. జడ్జి స్థానంలో ఉన్న ఖాజీ వాడితో వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడి, జైలు వద్దు, ఆస్పత్రికి పంపి మాన్పించమన్నాడు.

తర్వాత మొండయ్య. నిలబడలేక కటకటాలు పట్టుకున్నాడు. గోళీలు తిన్నావా అని దుబాసీ ఉర్దూలో అడిగాడు.

"గోలీ ఖాయా?"

"హా."

"బేచా భీ?"

"హా."

'బేచా' అంటే అమ్మావా అని మొండయ్యకు తెలియదు. ఫోర్‌మన్ల ముందు దెబ్బ తప్పించుకోవడానికి నేర్చుకున్న మాట అదొక్కటే, హా. ఆ మాటతో గోళీలు అమ్మేవాడైపోయాడు. "అతనికి అర్థం కాలేదు సాబ్!" అని బాబ్జాన్ వెనకనుంచి అరిస్తే మమ్మల్ని మెడపట్టి బయటికి గెంటారు.

"ఆ పిల్లోడిని ఆస్పత్రికి పంపినారు కదా, మావాణ్ణి ఎందుకు పంపరు?" అని బాబ్జాన్ కోర్టు కిటికీ దగ్గర గుమాస్తాను అడిగాడు.

"అక్కడ మందులే కాదు, మాట్లాడి మాన్పిస్తారు. మీవాడితో ఎవరు మాట్లాడతారు?"

"మేం మాట్లాడతాం సార్. వంతులేసుకుని పక్కనే కూర్చుంటాం."

గుమాస్తా కిటికీ మూసేశాడు.

ఆ వారమే మొండయ్య జైల్లో చచ్చిపోయాడు. గోళీ ఆగేసరికి ఫిట్స్ వచ్చాయట. అదే గదిలో ఉండి విడుదలైన బంగ్లాదేశీ ఒకడు మా క్యాంపు వెతుక్కుంటూ వచ్చాడు. "గోడకు తల కొట్టుకుంటూ ఒకటే మాట అన్నాడు. పట్టుకోండ్రి, పట్టుకోండ్రి. అంటే ఏంటి భాయ్?" అని ఉర్దూలో అడిగాడు.

బాబ్జాన్ చెప్పాడు. ఆ మనిషి నెత్తి కొట్టుకుని ఏడ్చాడు. "పట్టుకునేవాణ్ణి కదా. పక్కనే ఉన్నాను కదా!"

శుక్రవారం మెస్సులో అందరం కూడాం. మాలో పెద్దవాడు భోజన్న.

"తిన్నది వాడే కదనే. మనమేం జేస్తం?" అన్నాడొకడు.

"నువ్వు తింటలేవా? చెయ్యి ముందటికి చాపు" అన్నాడు భోజన్న.

వాడు చాపాడు. చెయ్యి వణుకుతోంది. భోజన్న తన చెయ్యి దాని పక్కన పెట్టాడు. అదీ వణుకుతోంది. ఒకరి తర్వాత ఒకరం చాపాం. బల్లమీద గిన్నెలు గలగలమన్నాయి.

"ఒక్కొక్కణ్ని పట్టిస్తడు ఆ జనార్దన్. వాడు పట్టియ్యకముందే మనమే పోదాం, అందరం, దవాఖానకు. మాన్పియ్యుండ్రి అందాం. ఎవడిచ్చిండో చెప్దాం."

"ఎగ్జిట్ కొట్టి దేశం దాటిస్తరు భోజన్నా!"

"మొండయ్య పీనుగకు గూడ ఎగ్జిటే కొట్టిండ్రు. ఇంకేం మిగిలింది?"

తెల్లారి పొద్దున బస్సు ట్యాంకుల వైపు తిరగలేదు. ముందు సీట్లో జనార్దన్ "ఆపు! ఆపరా!" అని స్టీరింగు మీద పడబోయాడు. నలుగురు లేచి కూర్చోబెట్టారు. ఆస్పత్రి గేటు రాగానే భోజన్న బాబ్జాన్ భుజం తట్టి, "నీ ఇఖామా గడువు దాటింది, ఈడ ఉండే కాయితం లేదు, నువ్వు దొరకొద్దు. ఎల్లిపో" అన్నాడు. మేం గేటు ముందు కూర్చున్నాం. జనార్దన్ ఫోను చేశాడు. డాక్టర్ల కంటే ముందు శుర్తా బండ్లు వచ్చాయి.

మర్నాడు కోర్టు. అదే ఖాజీ, అదే దుబాసీ. మామీద సాక్ష్యానికి జనార్దన్ వచ్చి నిలబడ్డాడు.

"గోలీ ఖాయా?"

"తెలుగుల అడుగుండ్రి" అన్నాడు భోజన్న.

దుబాసీ నన్ను అడిగాడు. నేనూ అదే అన్నాను, "తెలుగుల అడుగుండ్రి." నా పక్కవాడి మోకాలి మీద జవాను లాఠీ పడింది. కిందపడ్డాడు. నేలమీదనుంచే ఆ మాటే అన్నాడు. హాలంతా అదే మాట.

ఏమంటున్నారని ఖాజీ అడిగాడు. దుబాసీ తెల్లముఖం వేశాడు.

అప్పుడు తలుపు దగ్గర్నుంచి బాబ్జాన్ నడిచి వచ్చాడు. భోజన్న వద్దని తల ఊపుతూనే ఉన్నాడు.

"వీళ్ల మాట నాకు తెలుసు సార్, నేను చెప్తా."

"నీ ఇఖామా?" అని గుమాస్తా చెయ్యి చాపాడు.

తీసి ఇచ్చాడు. గుమాస్తా చూసి నవ్వాడు. "గడువు తీరిపోయింది. ఇక్కడే పట్టుకుంటారు నిన్ను."

"పట్టుకోండి సార్. నోరు మటుకు కట్టేయొద్దండి."

బేడీలు వేశారు. ఆ చేతులతోనే మా ముందు నిలబడి, గోళీలు ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో, మొండయ్య చివరికి ఏమన్నాడో, ఒక్కొక్క మాట అరబ్బీలో చెప్పాడు. ఖాజీ కలం ఆగిపోయింది. జనార్దన్ తలుపు వైపు జరగబోతే బంట్రోతు అడ్డం నిలబడ్డాడు.

మాకు ఆస్పత్రా జైలా, ఇంకా తెలియదు. బాబ్జాన్‌కు మాత్రం జైలే.

అతను మావైపు తిరిగాడు. "ఇంకెవరు చెప్పాల? రాండి ముందుకు" అన్నాడు.

వరుస మొత్తం కదిలింది.