పై అంతస్తుకి ప్రసంగం

"బాగుందన్నాను కదా, ఇంకేం కావాలి వాడికి?" అంది అత్తగారు మూడోసారి.

"బాగాలేదని చెప్పేవాళ్ళు కావాలత్తయ్యా. రేపు అక్కడ మీరుండరుగా," అంది కోడలు, బీన్స్ ఈనెలు తీస్తూ.

గంట నుంచీ ఇదే రగడ. ఇంటాయన లిఫ్టు మెకానిక్కు. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టు గోతుల్లోకి దిగీ ఎక్కీ మోకాళ్ళు అరగదీసుకున్నాడు. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. రేపు ఆఫీసులో పది నిమిషాలు మాట్లాడి మెప్పిస్తే అది ఆయనదే. లేదంటే మళ్ళీ నిచ్చెనే గతి.

హాల్లో ఆయన నాలుగోసారి మొదలుపెట్టాడు. "సోదరులారా, బ్రేకు అనగా..." చూపు పైకప్పు మీద, గొంతు పక్క వీధిలో. ఆ ప్రసంగం తనకోసమేనని ఫ్యాను తప్ప ఎవరూ అనుకోరు.

"వందకి ముప్పై, నాన్నా," అంది కాలేజీ కూతురు.

"మరీ అంత తగ్గించావేమే?"

"తగ్గించలేదు. బామ్మ మొహం చూసి పెంచాను."

ఆయన కాగితం జేబులో కుక్కుకున్నాడు. "నిచ్చెనే నయం. మార్కులు వెయ్యదు."

కోడలు బీన్స్ పక్కన పెట్టింది. ఇంకో తప్పు ఎత్తిచూపితే ఈ మనిషి రేపు గడప దాటడు. ఎందుకు పైకి చూస్తాడో కూడా అప్పుడే తట్టింది. గోతిలో నిలబడి, పైనున్న తోటివాడికి అరిచి చెప్పడమే కదా ఆయనకి అలవాటు.

"గొంతు బాగుంది. పని మీకు కొట్టిన పిండి," అంది పక్కన కూర్చుని. "ఒక్కటే లోటు. వినేవాళ్ళు పై అంతస్తులో లేరు, ఎదురుగానే ఉన్నారు. ఏదీ, బ్రేకు ఎందుకు జారుతుందో నాకు చెప్పండి. నాకేం తెలీదనుకోండి."

"అనుకోవడమెందుకు, తెలీదుగా," అన్నాడాయన. గ్లాసు చుట్టూ తువ్వాలు తనే బిగించి పట్టుకుని, గ్లాసుని ఆమెని తిప్పమన్నాడు. కదల్లేదు. తువ్వాలుకి కాస్త నూనె రాసి మళ్ళీ తిప్పమన్నాడు. గ్లాసు గిర్రున తిరిగింది.

"చేతికంటిన నూనె తుడుచుకోకుండా బ్రేకు ముట్టుకున్నావంటే, లిఫ్టులో ఉన్న పదిమందీ ఇలాగే జారతారు," అన్నాడు, ఆమె కళ్ళలోకి చూస్తూ, మామూలు గొంతుతో.

అత్తగారు తన అరచేతులు చూసుకుని, కొంగుతో గబగబా తుడుచుకుంది.

కూతురు గ్లాసు అందుకుని తనూ తిప్పి చూసింది.

భోజనాల దగ్గర ఆయన నీళ్ళు తాగి, అందరివంకా ఒకసారి చూశాడు. "రేపు వేదిక ఎక్కను. అందర్నీ బల్ల చుట్టూ నిలబెట్టుకుని, బ్రేకు విప్పి చూపిస్తూ చెప్తాను," అన్నాడు నెమ్మదిగా.