సామేలు పాదం

యూనివర్సిటీ క్యాంపస్‌లో సోషల్ వర్క్ చదువుతున్న అమలకు తార్నాకలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెల రోజుల ట్రయల్ ఉద్యోగం దొరికింది. రోగి పక్షాన నిలబడి డాక్టర్లతో మాట్లాడే పని. పేషెంట్ అడ్వొకేట్ అంటారు. “అయితే నల్లకోటేస్తవా?” అని హాస్టల్లో నవ్వారు. గ్రూప్స్ పుస్తకాల్లో తలలు దూర్చినవాళ్లకు అంతకన్నా ఏం తెలుస్తుంది! రూమ్మేట్ పెళ్లయి వెళ్లిపోయాక మెస్సులో ఆమెను పలకరించే దిక్కే లేదు. ఆసుపత్రిలోనూ అంతే. డాక్టర్లకు అడ్డం, నర్సులకు అనుమానం. ఈ పని మనకెందుకు, మానేద్దామని రోజూ అనుకునేది.

మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చిన సామేలుకు షుగర్ ముదిరి కుడి పాదం నల్లబడింది. మర్నాడు తీసేయాలి. డాక్టర్ ఆ సంగతి సామేలు కొడుకుకు చెప్పాడు. కొడుకు ఇమ్మానుయేల్ అమలను వరండాలోకి పిలిచాడు.

“నాయినకు చెప్పకుండ్రి మేడం. పుండు కడుగుతరని చెప్పినం. ఎరుకైతే గుండె పగులుతది.”

మన దగ్గర ఇదొక రివాజు. జబ్బు ఒకరిది, కబురు ఇంకొకరికి. ప్రేమతోనే చేస్తారు, అదే చిక్కు. మత్తు దిగి, పాదం లేదని చూసుకున్న ముసలాయన ఇక ఎవరిని నమ్మాలి? అలాగని అమల నోరు విప్పితే ట్రయల్ ఇవాళ్టితో సరి. ఇంటివాళ్లను నొప్పించొద్దని మేనేజరు ముందే హెచ్చరించాడు. మింగలేక కక్కలేక లోపలికి వెళ్లింది.

సామేలు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“పెద్దయ్యా, రేపటి సంగతి ఏమన్నా అడగాలని ఉన్నదా?”

“కాలు తీస్తరు గద బిడ్డా. నా కాలు వాసన నాకు తెల్వదా? పిలగాడు భయపడతడని అడుగుతలేను. తీసే ముందు నన్నొక మాట అడిగితే బాగుండు. నేనింకా బతికే ఉన్న.”

తలుపుకు ఇటొకరు, అటొకరు. ఎవరికి వారే యమునా తీరే. అమలకు దుఃఖంతోపాటు ఒళ్లు కూడా మండింది.

“మీ కొడుకును పిలుస్తా. గీ మాట ఆయనకే చెప్పుండ్రి.”

సామేలు తలూపాడు.

తండ్రి మాట విన్న ఇమ్మానుయేల్ ముఖం ఎర్రబడింది. అమల మీదికి తిరిగాడు.

“వద్దంటే చెప్పినవ్ గద! తండ్రీకొడుకుల నడుమ నువ్వెవ్వరు?”

నిజమే, తనెవరు? అనుకుంది అమల.

“గామె మీద ఒర్రకు,” అన్నాడు సామేలు. “గామె నా మనిషి.”

ఇమ్మానుయేల్ మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాడు. కాసేపటికి, “తీయమందామా నాయినా?” అని అడిగాడు.

“తీయమను,” అన్నాడు సామేలు.

అమల తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. ఈ ఊళ్లో ఆమెను ఎవరైనా తన మనిషి అనడం అదే మొదటిసారి. వరండాలో ఎవరూ లేరు. గోడకు ఆనుకుని కరువుదీరా ఏడ్చింది.