ఒక చేతి పరీక్ష

మా పాప సిరిని చంకనెత్తుకుని ఒక చేత్తో ఉప్మా కలుపుతుంటే సోఫాలోంచి మా ఆయన ఉపేందర్ అన్నాడు, "మస్తు అలవాటైంది నీకు. దేవుడు రెండో చెయ్యి ఎందుకిచ్చిండో!" నవ్వాను. పెళ్లయినప్పటి నుంచి ఇలాంటి మాటలకు నవ్వడమే నా జవాబు.

నాచారంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పరీక్షలు చేస్తాను. పసిపిల్లల మలేరియా గోలీలు మావి, ఆఫ్రికాకు వెళ్తాయి. ఇదివరకు ఒక్కో దేశం విడిగా ప్రశ్నలు పంపేది. ఒకరికి చెప్పింది మరొకరికి తెలిసేది కాదు. ఇప్పుడు ఐదు దేశాల మందుల అధికారులు కలిసి కూర్చుని ఒకే జాబితా పంపారు. మా జవాబు నచ్చితే ఐదు చోట్లా అనుమతి, లేకపోతే ఎక్కడా లేదు. అందులో పద్దెనిమిదో ప్రశ్న: బిడ్డను ఎత్తుకున్న తల్లి ఈ స్ట్రిప్‌ను ఒక చేత్తో తెరవగలదా?

మీటింగులో మగవాళ్లంతా నవ్వారు. "ఇదేం ప్రశ్నమ్మా త్రివేణీ! తెరవగలదు అని రాసి సంతకం పెట్టు. రేపు పంపాలి" అన్నారు మేనేజర్ మురళీధర్ గారు. నేను నవ్వలేదు. నా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్నను ఐదు ప్రభుత్వాలు అడిగాయి. అది రాసినవాళ్లు నా వంటగదిని ఎప్పుడు చూశారు?

ఫ్యాక్టరీలో అడిగి, మందు లేని నమూనా స్ట్రిప్పులు ఉప్పల్‌లోని ఇంటికి తెచ్చుకున్నాను. సిరిని ఎత్తుకుని తొమ్మిదిసార్లు ప్రయత్నించాను. తెరుచుకోలేదు. నా చెయ్యే మొద్దుబారిందేమో అనుకున్నాను. తప్పు ముందుగా నాలోనే వెతుక్కోవడం పాత అలవాటు. అప్పుడు సిరిని ఉపేందర్ చంకనెక్కించి, స్ట్రిప్ చేతిలో పెట్టాను.

"గింతేనా?" అన్నాడు. గోటితో గీకాడు, పళ్లతో లాగాడు. సిరి జారింది.

"ఏయ్, జర పాపను పట్టుకో!"

"పట్టుకోను. నాకెవరు పట్టుకున్నరు?"

అతను చాలాసేపు పెనుగులాడాడు. చివరికి మెల్లగా అన్నాడు, "ఒక్క చేతితోని అయ్యేది కాదే ఇది."

మర్నాడు మురళీధర్ గారి ఎదుటే రాశాను: 'తెరవలేరు. ఇద్దరం ప్రయత్నించాం. స్ట్రిప్ మార్చాలి.'

"ఐదు దేశాలూ ఒక్కసారే పోతాయమ్మా!"

"మార్చి పంపితే ఐదూ ఒక్కసారే వస్తాయి సార్."

కింద నా పూర్తి పేరు రాసి సంతకం చేశాను. చేస్తున్నంతసేపూ, రెండో చేతిని బల్లమీద ఊరికే ఉంచుకున్నాను.