రుషి చూసిన ముడి

ప్రతి బేస్తవారం పొద్దున గట్టుప్పల్‌లో రాజం ఇంటికి భావనారుషి వస్తాడు. ఎక్కి వచ్చిన పులిని కరెంటు స్తంభానికి కట్టేసి, కాళ్లు కడుక్కొని, రాట్నం ముందు కూర్చొని కండెలు చుడతాడు. పద్మశాలీలందరికీ మూలపురుషుడు కదా, పని ముట్టకుండా చాయ్ తాగడం ఆయనకు నచ్చదు. కండెలు మాత్రం వదులుగా చుడతాడు. ఆయన పోయాక రాజం భార్య లీలమ్మ వాటిని విప్పి మళ్లీ చుట్టుకుంటుంది.

ఒక బేస్తవారం ఆయన ఉండగానే రాజం బిడ్డ హారిక సంబంధం మాట్లాడడానికి చండూరు నుంచి రామచంద్రం వచ్చాడు, కొడుకు విజేందర్‌ను వెంటబెట్టుకొని. పిల్లలిద్దరూ నూలు తెచ్చుకునే కాడ ఏడాదిగా ముచ్చట పెట్టుకుంటున్నవాళ్లే. రామచంద్రం పులిని తప్పుకొని లోపలికి వచ్చి, "ఏం బావా, మంచిగున్నవా?" అన్నాడు. గోత్రం అడిగేదాకా అంతా బాగానే ఉంది.

"మాది పౌలస్త్య," అన్నాడు రాజం.

రామచంద్రం చాయ్ కింద పెట్టేశాడు. "మాదీ గదే! బావా అనుకుంట వస్తే తమ్మివైతివి గద. పిల్లలు అన్నాచెల్లెండ్లయిరి. లే విజేందర్, పోదాం."

విజేందర్ లేవలేదు. హారిక కళ్లనిండా నీళ్లు. "తాతా, నువ్వన్న జర చెప్పు!" అంది రుషితో.

రుషి రాట్నం ఆపాడు. "నాకు నూటొక్కమంది కొడుకులు. వాళ్ల పేర్లే గీ గోత్రాలు. పేర్లు మరిచిన గని, తెగిన పోగుకు ముడేసుడు ఒక్కొక్కనికి ఒక్కో తీరుగ నేర్పిన. ఏదీ, తండ్రులిద్దరు చెరో ముడేయుండ్రి."

ఇద్దరూ పోగు తెంపి ముడేశారు. రాజం ముడి కుడికి తిరిగింది. రామచంద్రంది ఎడమకు తిరిగింది.

రుషి గడ్డం నిమురుకున్నాడు. "గోత్రాలు వేరు. రామచంద్రం, మీ వంశంల ఎవరన్న ఇల్లరికం పోయి, అత్తోళ్ల గోత్రం చెప్పుకున్నరా?"

"మా ముత్తాత ఇల్లరికం పోయిండంటరు," అన్నాడు రామచంద్రం తల గోక్కుంటూ. అంతలోనే ఉలిక్కిపడ్డాడు. "అంటే ఇన్నేండ్ల సంది గుడిల అర్చన వేరేటోళ్ల గోత్రం మీద చేపిచ్చిన్నా?"

"పుణ్యం యాడికి పోదు తియ్, బావా," అన్నాడు రాజం.

లీలమ్మ మళ్లీ చాయ్ పోసింది. లగ్గం ఖాయమైంది.

వాళ్లు వెళ్లాక హారిక రుషి పక్కన చేరి మెల్లగా అడిగింది. "తాతా, నిజంగ నూటొక్క తీర్ల ముళ్లు నేర్పినవా?"

"ఒక్కటే నేర్పిన బిడ్డా."

"మరి మామది ఎడమకెట్ల తిరిగింది?"

"మీ మామ పుర్రచెయ్యోడు," అంటూ రుషి పులి కట్టు విప్పాడు.